ధాత కరువు దాటిన విశ్వాసం

తెలుగు నేల మీద క్రైస్తవం గురించి మాట వచ్చినప్పుడల్లా 1878 నాటి గుండ్లకమ్మ బాప్తిస్మాలు చర్చకు వస్తాయి. ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర, ఆ ఏడాది జులై 3న ఒక్కరోజే 2,222 మంది ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు ముందు రెండేళ్లూ ధాత కరువు ఆ సీమను పీల్చి పిప్పి చేసింది. ఈ రెండూ పక్కపక్కనే ఉండటంతో, ఆకలి మనుషుల్ని గుడి వైపు తోసిందని తేలిగ్గా తేల్చేసేవారు ఒకవైపు, దేవుడు కరువును వాడుకొని జనాన్ని రప్పించుకున్నాడని అంతే తేలిగ్గా చెప్పేసేవారు మరోవైపు ఉన్నారు. ఇద్దరూ కరువునే కథానాయకుడిగా నిలబెడుతున్నారు. నా వాదన వేరు. ఒంగోలు సీమ మాదిగ క్రైస్తవులకు కష్టసుఖాల అర్థం కరువులో దొరకలేదు, కరువుకు పదేళ్ల ముందే దొరికింది. తమంతట తామే ఎంచుకున్న కష్టం దాన్ని నేర్పింది. ఎవరూ ఎంచుకోని ఆ మహా కష్టం వచ్చిపడినప్పుడు ఆ పాఠం అక్కరకు వచ్చింది. సంతోషం విషయంలోనూ ఇంతే. తమది అని చెప్పుకోగల సంతోషం ముందుగా వారికి ఒక ఆచారంగా వచ్చింది, వివరణ ఆ తర్వాత వచ్చింది.

ముందు కరువు సంగతి. 1876లో ఈశాన్య రుతుపవనాలు విఫలమయ్యాయి. మరుసటి ఏడాది నైరుతి కూడా మోసం చేసింది. మద్రాసు రాజధానిలోని మెట్ట తాలూకాల్లో చెరువులు ఎండి, గడ్డి లేక గొడ్లు చచ్చి, ధాన్యం ధర కూలి మనిషికి అందనంత ఎత్తుకు పోయింది. రైళ్లు తెచ్చిన ధాన్యం బజారులో ఉన్నా కొనడానికి చేతిలో కాసు లేదు. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో ఈ కరువు పొట్టన పెట్టుకున్నవారు యాభై లక్షలు దాటారని చరిత్రకారుల సాధారణ అంచనా. ఖర్చు తగ్గించమంటూ వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో సహాయ పనుల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్దిపాటి చిల్లరకు కుదించాడు. మట్టి మోసే మనిషి ఆ తిండితో బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ గట్టిగా వాదించాడు. చివరికి ఆ కోత ఎత్తేశారు కానీ, అప్పటికే చాలామంది పోయారు. ఊరిచివర పల్లెలో బతికే మాదిగలకు ఈ దెబ్బ అందరికంటే ముందు తగిలింది. వారికి భూమి లేదు. ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి కళ్లంలో దొరికే గింజలే ఆధారం. కళ్లమే లేని ఏడాది ఆ వాటా ఎక్కడిది?

ఇప్పుడు కరువుకు ముందరి పదేళ్లకు వెళ్లాలి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరు చేరి, ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ ఫలితం లేక మూతపడే స్థితికి వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద కూడి ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. కరువు ముంచుకొచ్చే నాటికి వారి లెక్క మూడు వేలు దాటింది. ఎనిమిది మంది మూడు వేలయింది మామూలు వానలు పడిన ఏళ్లలో. గంజి కేంద్రాలు లేవు, సహాయ పనులు లేవు. ఈ పెరుగుదల క్లౌ ఒక్కడి వాక్చాతుర్యం వల్ల వచ్చినదని అనుకోవడమూ పొరపాటే. దాని వేళ్లు తోలు పని చేసుకునే మనుషుల మాటామంతీలో ఉన్నాయి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి అచ్చువేసిన పుస్తకానికి చెప్పులు కుట్టుకుంటూ అని అర్థమిచ్చే పేరు పెట్టింది అందుకే. చేతులు పని చేస్తుంటే నోళ్లు దేవుడి గురించి మాట్లాడుకునేవి.

ఆ మనుషుల్లో మొదట చెప్పుకోవలసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు ఆయన ఊరు, తోళ్ల వ్యాపారం ఆయన వృత్తి. క్రీస్తు పేరు వినకముందే గురువుల దగ్గర రాజయోగ సాధన చేసి, తనకంటూ శిష్యుల్ని సంపాదించుకున్న సాధకుడు. ఇందులో వింతేమీ లేదు. పోతులూరి వీరబ్రహ్మం కథల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడు. కులాన్ని కాదన్న గురుపరంపరలు ఆ పల్లెల్లో తరాలుగా ఉన్నాయి. విగ్రహం వద్దనడం, గుణమే గొప్పదనడం వారికి కొత్త మాటలు కావు. పేరయ్య తోళ్ల బేరానికి ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట సువార్త విన్నాడు. ఆలోచించాడు, ఎదురుచూశాడు. 1866లో భార్య నాగమ్మతో ఒంగోలు వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. వెనక్కి వెళ్లి తనవాళ్లకు తానే చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు ప్రాంతానికి వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. అంటే మొదటి పంట విత్తింది ఒక తెలుగు తోలు వ్యాపారి. ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్న మనిషి, వెతుకుతున్నది దొరికిందని తానే తీర్పు చెప్పుకున్నాడు.

ఆ తీర్పుకు ధర ఉంది. క్లౌ కొత్తవారికి పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలను పూజించకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. చదివితే చిన్న నియమాలే. ఊరి కట్టుబాట్లలో పెట్టి చూస్తే ఒక్కొక్కటీ తిరుగుబాటు. జాతరలో డప్పు కొట్టనంటే గ్రామదేవత కొలుపు ఆగినట్టే, రేపు ఊళ్లో కలరా వస్తే నింద ఆ డప్పు కొట్టనివాడి మీదే. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయి తినే బాధ్యత తమది కాదంటే, తరాలుగా తమ నెత్తిన రుద్దిన మైలను విదిలించినట్టే. కోతల కాలంలో ఆదివారం రానంటే ఆసామి మాటకు అడ్డు చెప్పినట్టే. ఊరు ఊరుకోలేదు. కళ్లంలో వాటా ఆపారు. దొంగతనాలు అంటగట్టారు. దారులు, నీళ్లు బంద్ చేశారు. కొట్టారు. మతం మారడం వల్ల ఈ జనానికి మొదట చేతికందింది ఆకలి. బియ్యం తర్వాతి మాట, ఉన్న గింజలే పోయాయి. అయినా నిలబడ్డారంటే, ఆ కష్టానికీ వెనకటి కష్టానికీ తేడా కనిపించి ఉండాలి. వెనకటి దెబ్బలకు కారణం వారి పుట్టుక. కొత్త దెబ్బలకు కారణం వారి నిర్ణయం. పుట్టుక మీద పడిన దెబ్బ మనిషిని చిన్నబుచ్చుతుంది, నిర్ణయం మీద పడిన దెబ్బ ఆ నిర్ణయం ఎంత విలువైందో చెబుతుంది. పైగా, తాము కొలిచే ప్రభువు కూడా ఊరి బయట, అవమానంతో, నేరస్థుడిలా చంపబడ్డవాడు. పల్లెలో బతికే మనిషికి ఆ కథను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

సంతోషం సంగతి కూడా ఇక్కడే చూడాలి, ఎందుకంటే ఆ మూడు నియమాల్లో ఒకటి సంతోషానికి సంబంధించింది. ఆదివారాన్ని మనం సెలవుగా చూస్తాం కాబట్టి దాని బరువు మనకు తెలియదు. వెట్టి మనిషికి రోజులన్నీ ఒకటే, రోజులన్నీ మరొకరివే. పండగ ఊరిది, అందులో అతని భాగం డప్పు మోత, మిగిలిన ఎంగిలి. అటువంటి మనిషి ఏడు రోజుల్లో ఒక రోజు నాది, ఆ రోజు నన్ను పిలిచే హక్కు ఒక్క దేవుడికే ఉందన్నాడు. ఉన్నవాటిలో మంచి గుడ్డ కట్టుకున్నాడు. ఆడా మగా పిల్లాజెల్లా ఒకచోట కూర్చుని పాడారు. చదువు వచ్చినవాడు చదివితే విన్నారు. ఆ చదివేవాడు తమ కులంవాడే, కొన్నిచోట్ల తమ కొడుకే. సంతోషం అంటే కష్టం నడుమ దొరికే కాసేపటి మరపు అన్న స్థితి పోయి, ఒక విధిగా, వారం వారం తిరిగి వచ్చే బాధ్యతగా నిలబడింది. హక్కు లేని చోట సంతోషం దానమవుతుంది, ఇచ్చినవాడి దయ మీద ఆధారపడుతుంది. ఆదివారం దాన్ని హక్కు చేసింది. ఆ రోజు కోసం వారు కూలి పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు. ధర చెల్లించి తెచ్చుకున్న సంతోషం కాబట్టే దాని విలువ వారికి అంత బాగా తెలిసింది.

ఈ పునాది మీదకు ధాత కరువు వచ్చిపడింది. క్లౌ సర్వే పని తెలిసినవాడు, అమెరికాలో యువకుడిగా ఉన్నప్పుడే ఆ పని చేశాడు. ప్రభుత్వం కరువు పనుల కింద మద్రాసు వైపు నుంచి కృష్ణా కాలువల్ని కలిపేలా తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అందులో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకొని వేలమందిని పనిలో పెట్టాడు. గంజి పోయించి కూర్చోబెట్టలేదు, మట్టి తవ్వి మోసినందుకు కూలి ఇచ్చాడు. అక్కడ మేస్త్రీలుగా నిలబెట్టింది తన బోధకుల్ని, అంటే కరువుకు ముందు పదేళ్లలో కళ్లం వాటా పోగొట్టుకొని దెబ్బలు తిన్న ఆ మాదిగ క్రైస్తవుల్నే. నా వాదనకు కీలకం ఇక్కడ ఉంది. కరువు శిబిరంలో ఊరూరి నుంచి వచ్చిన జనం, ఎముకల గూళ్లయిన మనుషులు, తమవాళ్లను దారిలో పోగొట్టుకొని వచ్చినవాళ్లు. వారి మధ్య తిరుగుతున్న మేస్త్రీలు తిట్టరు, లంచం అడగరు, పని ఆగినప్పుడు గుంపులో కూర్చుని మాట్లాడతారు. అలసినవారిని, బరువు మోసేవారిని క్రీస్తు తన దగ్గరికి పిలిచిన మత్తయి సువార్త 11వ అధ్యాయపు మాటను పదే పదే చెప్పారని క్లౌ రాశాడు. నెత్తిన మట్టి తట్ట ఉన్నవాడికి ఆ మాట చెప్పే అర్హత అందరికీ ఉండదు. ఆ బోధకులకు ఉంది, వారు తమ బరువు తాము మోసి వచ్చినవారు.

అక్కడ వారు చెప్పనిది కూడా గమనించాలి. కరువు ఎందుకు వచ్చిందో ఊరి నుంచి చాలా వివరణలు దొరికేవి. అమ్మవారి కోపం అనేవారున్నారు, పూర్వజన్మ కర్మ అనేవారున్నారు. దొరతనం దగ్గర మరో వివరణ ఉంది: సరఫరా, గిరాకీ, ఖజానా. అవన్నీ కరువును విడమరచి చెప్పాయి, ఆకలితో ఉన్న మనిషిని మాత్రం తన చోటనే వదిలేశాయి. కర్మ అన్న మాట అతని మీదే నేరం మోపింది, ఖజానా లెక్క అతన్ని ఒక పౌను ధాన్యానికి తూచింది. శిబిరంలో కలరా వచ్చింది. నిన్న మాట్లాడినవాడు ఇవాళ లేడు. అటువంటి చోట నీ కష్టానికి కారణం ఇది అని చెప్పబోయిన ప్రతి మాటా క్రూరంగానే వినిపిస్తుంది. క్రైస్తవ బోధకుల్లో కూడా కరువును దేవుడి శిక్షగా వర్ణించినవారు ఆ కాలంలో లేకపోలేదు. కానీ జనాన్ని నిలబెట్టింది ఆ వర్ణన కాదు. రోగి పక్కన కూర్చోవడం, చచ్చినవాడిని పేరు పెట్టి తలచుకొని మట్టి చేయడం, మిగిలినవారితో ప్రార్థన చేయడం, పొద్దున లేచి మళ్లీ పనికి పోవడం, ఇవి నిలబెట్టాయి. దేవుడు బాధ పెట్టేవాడి పక్షాన లేడు, బాధపడేవాడి పక్షాన ఉన్నాడన్న నమ్మకం ఆ పనుల్లో కనబడింది. కష్టానికి కారణం తెలియకపోయినా కష్టపడుతున్న మనిషికి విలువ ఉందని తెలిస్తే అతను బతకగలడు, బతకలేకపోతే మనిషిగా చావగలడు.

ఇక మొదటి అభ్యంతరం. వీరంతా బియ్యం కోసం మారినవారు కదా? ఈ ప్రశ్న క్లౌకు మనకంటే ముందే తట్టింది. అందుకే కరువు పనులు నడిచినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. వేలమంది అడిగినా ఇవ్వలేదు. 1878 జూన్‌లో సహాయం ముగిసింది, ఇక ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేదని వెల్లంపల్లి దగ్గర చేరిన జనానికి తేల్చి చెప్పాడు. తమకు డబ్బు అక్కర్లేదని, పని చేసి బతికామని బొబ్బలెక్కిన చేతులు చూపారని, వచ్చే పంట పోయి చచ్చిపోయినా క్రైస్తవులుగా చావాలన్నదే కోరిక అన్నారని ఆయన రాసుకున్నాడు. ఆ తర్వాతనే బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూన్ నడిమి నుంచి జులై చివరి దాకా 8,691 మంది. ఇది మిషనరీ తన పని గురించి తాను రాసుకున్న మాట, తనకు అనుకూలంగానే ఉంటుంది కదా అనవచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే అతని మాటల్ని పక్కన పెట్టి, లెక్కల నడకను చూద్దాం. కరువుకు ముందే మూడు వేలు. కరువులో ఆగుడు. సహాయం ఆగాక ఉప్పెన. మళ్లీ పన్నెండేళ్ల తర్వాత, 1890 డిసెంబరు 28న, ఒంగోలులో ఒక్కరోజే 1,671 మంది. ఆకలి ఒక్కటే కారణమైతే ఈ క్రమం తలకిందులుగా ఉండాలి. తిండి పెట్టేటప్పుడు పెరిగి, ఆపగానే తగ్గాలి. ఆకలి పాత్ర ఏమీ లేదని నేను అనడం లేదు. అంతమందిని ఒకచోటికి చేర్చింది ఆకలే. చేరినవారు ఎక్కడివారక్కడికి తిరిగి వెళ్లే వేళ ఏం అడిగారన్నదే నిర్ణాయకం. కొందరు తర్వాత పాత దారికి వెళ్లిపోయి ఉంటారు, ఏ పెద్ద ఉద్యమంలోనైనా జరిగేదే. మిగిలినవారు తరాలుగా మిగిలారు.

రెండో అభ్యంతరం కొంత మర్యాదగా వస్తుంది, కానీ లోతుగా గుచ్చుతుంది. చదువు లేని ఈ జనం గుంపుగా మారితే దాన్ని ఆలోచించి చేసిన నిర్ణయం అనవచ్చా అన్నది ఆ ప్రశ్న. 1930ల్లో గాంధీజీ ఈ మాటే లేవనెత్తారు, అణగారిన కులాల సామూహిక మతాంతరీకరణను తప్పుపట్టారు. తెలుగు పల్లెల్లో మాల మాదిగల మధ్యే పనిచేసిన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, దీన్ని ఒప్పుకోలేదు. పేదవాడికి ఆత్మ విషయంలో తేల్చుకునే శక్తి లేదనడం అతన్ని మళ్లీ ఊరి బయట నిలబెట్టడమే. పేరయ్య బతుకు దీనికి జవాబు. గురువుల్ని మార్చి, సాధనలు చేసి, విన్నదాన్ని తూచి, సంవత్సరాలు ఆగి వచ్చినవాడిని ఆలోచన లేనివాడని ఎలా అంటాం? ఇక గుంపు అన్న మాటకొస్తే, ఆ పల్లెల్లో పెళ్లి, పంచాయితీ, వలస అన్నీ కలిసి తేల్చుకునేవే. కలిసి తేల్చుకున్నంత మాత్రాన ఆలోచించలేదని అర్థం కాదు. 1878 జులై 3న ఏట్లో దిగి బాప్తిస్మాలిచ్చింది ఎవరన్నది కూడా చూడాలి. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులు వేసుకొని ఇచ్చారు. క్లౌ ఆ రోజు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. దొర గుంపును తోలుకుపోయాడన్న బొమ్మకు ఈ వివరం పొసగదు.

మూడో అభ్యంతరం బరువైనది. కష్టానికి అర్థం ఇవ్వడమంటే కష్టాన్ని ఓర్చుకొమ్మని నేర్పడం కాదా? పరలోకం చూపించి ఇహలోకపు అన్యాయాన్ని మరిపించడం కాదా? అలా జరిగిన చోట్లు ఉన్నాయి. ఓర్పు పేరిట నోరు నొక్కిన ప్రసంగాలు తెలుగు సంఘాల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. అయితే ఒంగోలు చరిత్ర ఆ దిక్కుకు నడవలేదు. చచ్చిన గొడ్డు తినం, ఆదివారం రాం, డప్పు కొట్టం అన్నవారు ఓర్చుకునేవారు కారు, నిరాకరించేవారు. తమలోంచే బోధకుల్ని తయారు చేయడానికి 1872లో రామాపట్నంలో వేదాంత పాఠశాల వచ్చింది. పల్లె పల్లెకూ ఆకుల పాకలో బడి వచ్చింది. ఊరి అరుగు ఎక్కనివ్వని పిల్లలు ఆ పాకలో అక్షరాలు దిద్దారు. అంతకంటే గట్టి రుజువు 1903లో దొరుకుతుంది. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి కోసం, తెలుగు బాప్టిస్టులు తమ సొంత మిషనరీగా జాన్ రంగయ్యను పంపారు. పాతికేళ్ల కిందట తట్ట మోసి ప్రాణం నిలుపుకున్న జనం, కానుకలు పోగుచేసి, సముద్రం అవతల కూలి బతుకు బతికే తమవారి దగ్గరికి మనిషిని పంపింది. కష్టం వారిని మందబుద్ధుల్ని చేసి ఉంటే ఈ పని జరిగేది కాదు. తాము పడ్డ కష్టం ఇతరుల కష్టాన్ని గుర్తుపట్టే కన్ను ఇచ్చింది. కష్టానికి అర్థం దొరికిందనడానికి ఇంతకంటే నమ్మదగిన గుర్తు నాకు తెలియదు.

ఈ కథను మచ్చలేనిదిగా చెప్పడం మాత్రం అన్యాయం. కులం గుడి బయట ఆగిపోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం వేర్వేరుగా కూర్చున్న చోట్లు ఉన్నాయి. పై కులాల నుంచి వచ్చినవారి పక్కన చోటు దొరకని సందర్భాలూ ఉన్నాయి. నిజానికి మొదట్లోనే ఈ పరీక్ష వచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని ఒంగోలు పెద్ద కులాలవారు చెప్పినప్పుడు, క్లౌ దంపతులు ఇద్దరూ విడివిడిగా వేదం తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో దేవుడు లోకం తృణీకరించినవారిని ఎన్నుకున్నాడన్న చోటే ఇద్దరి కంటా పడిందని, దాంతో మాదిగల పక్షమే నిలిచారని ఆ సంఘ చరిత్ర చెబుతుంది. ఆనాటి తెగింపు తరువాతి తరాల్లో అన్నిచోట్లా నిలవలేదు. వినుకొండలో పుట్టి, క్రైస్తవ ఇంట పెరిగి, అటు ఊరూ ఇటు సంఘమూ పెట్టిన అవమానాల్ని చూసిన గుర్రం జాషువా గబ్బిలం రాయవలసి వచ్చింది. ఆయనే క్రీస్తు చరిత్రా రాశాడు. విశ్వాసాన్ని ప్రేమిస్తూనే దాని సంస్థను నిలదీయవచ్చని ఆ రెండు కావ్యాలూ పక్కపక్కన నిలబడి చెబుతాయి. పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి. డప్పు మైల చాకిరీకి గుర్తు కాబట్టి దాన్ని వదిలారు. దానితోపాటు తరాల కళ ఒకటి ఆ ఇళ్లలోంచి పోయింది. ఆ నష్టాన్ని తర్వాతి తరం గుర్తించి మళ్లీ డప్పు పట్టుకుంది, అది మంచిదే. చట్టం వైపు నుంచి మరో దెబ్బ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు కాదు. తెలుగు నేల మీద వారు బీసీ-సీ కింద ఒక్క శాతంలో సర్దుకోవాలి. ఎంచుకున్న విశ్వాసానికి ధర చెల్లించడం 1867లో ముగిసిపోలేదన్నమాట.

అంత ధర చెల్లిస్తూ కూడా ఈ జనం ఏడుపుగొట్టు మతాన్ని తయారు చేసుకోలేదు. తెలుగు క్రైస్తవుడి దగ్గర బైబిలు పక్కనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటుంది. అందులో చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ పుస్తకానికి వెన్నెముక అయిన పురుషోత్తమ చౌదరి (1803–1890) దొరల బాణీలు అరువు తెచ్చుకోకుండా తెలుగు పద సంప్రదాయంలో రాశాడు. బడికి వెళ్లనివాళ్లు కూడా ఆ కీర్తనలు నోటికి నేర్చుకున్నారు. సంగీతం గుడి లోపల, సభల్లో, ఇతరుల సొత్తుగా ఉన్న కాలంలో పల్లెలోని ఆడమనిషి రాగం పేరు పెట్టిన పాటను తన సొంతంగా పాడుకుంది. పెళ్లికీ చావుకీ అదే పుస్తకం తెరిచారు. చావు ఇంట పాటలు పాడతారేమిటని ఇరుగుపొరుగు వింతపడిన ఆచారం ఇదే. దుఃఖం లేక పాడింది కాదు, దుఃఖాన్ని ఒంటరిగా మోయనివ్వకూడదని పాడింది. మెదక్ కెథడ్రల్ చరిత్రలోనూ ఇదే కలయిక ఉంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో కట్టడం మొదలుపెట్టి, కరువు రోజుల్లో జనానికి పనిగా తిండిగా మలిచిన ఆ ఆలయాన్ని 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠించారు. పట్టెడన్నం కోసం రాళ్లెత్తినవాళ్ల పిల్లలు ఆ గోడల మధ్య పండగ చేసుకుంటారు. కష్టంలో కట్టిందే సంతోషానికి చోటయింది. మరొకరి గుడిలో మూల నిలబడ్డ అనుభవం ఉన్నవారికి, తమ చేతులతో లేచిన గుడిలో కూర్చోవడం చిన్న సంగతి కాదు.

ఈ చరిత్రను ఇవాళ గుర్తు చేసుకోవలసిన అవసరం ఒకటి ఉంది. తెలుగు నాట పెద్ద పెద్ద సభల్లో, టీవీ ప్రసంగాల్లో, విశ్వసిస్తే రోగం పోతుంది, అప్పు తీరుతుంది, వీసా వస్తుంది అన్న బోధ బాగా సాగుతోంది. దీని వెనక ఒక లెక్క ఉంది: సుఖం దీవెనకు రుజువు, కష్టం విశ్వాసం తక్కువైందనడానికి రుజువు. కష్టంలో ఉన్న మనిషి ఆశ కోసం వెళ్తాడు, అతన్ని నేను తప్పుపట్టను. జబ్బు నయం కావాలని ప్రార్థించడం ధాత కరువు నాటి విశ్వాసులూ చేశారు. కానీ ఆ లెక్క ఒప్పుకుంటే, కళ్లం వాటా పోయిన 1867 నాటి క్రైస్తవులంతా విశ్వాసం లేనివాళ్లు కావాలి, శిబిరంలో కలరాతో పోయినవారు శపించబడినవారు కావాలి. నీ కష్టం నీ తప్పే అన్న పాత మాటే కొత్త బట్ట కట్టుకొని గుడిలోకి వచ్చిందన్నమాట. ఒంగోలు సీమ పూర్వీకులు వదిలించుకున్న మాట అది. కష్టం వచ్చినవాడిని దేవుడు వదిలేశాడని అనుకోకపోవడం, వాడి పక్కన వెళ్లి కూర్చోవడం, అన్యాయంగా వచ్చిన కష్టాన్ని నిరాకరించడం, న్యాయం కోసం వచ్చే కష్టాన్ని భరించడం, సంతోషాన్ని దాచుకోకుండా వారానికి ఒకసారైనా అందరితో పంచుకోవడం: వారు మనకు విడిచివెళ్లిన విశ్వాసంలో ఉన్నవి ఇవి. ఒక సంఘం నిజంగా ఆ వారసత్వంలో ఉందో లేదో తెలుసుకోవడానికి దాని భవనం, జనసంఖ్య, సాక్ష్యాల జాబితా చూడనక్కర్లేదు. ప్రార్థనకు జవాబు రాని మనిషికి అక్కడ గౌరవంగా కూర్చునే చోటు ఉందా అని అడిగితే చాలు.